ప్రోబయోటిక్ బ్యాక్టీరియా బుడగలతో పేగుపూత తగ్గుతుందా?

"మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుళ్లు వచ్చే పేగుపూత జబ్బు). ప్రోబయోటిక్, అంటే ఒంటికి మేలు చేసే బ్యాక్టీరియా వదిలే బుడగలతో తగ్గుతుందని చదివాను. గుంటూరులో దొరుకుతాయా?" అని అడిగారు. దొరకవండీ, ఇంకా మందుగా రాలేదు. పరిశోధన మాత్రం ఆశ పుట్టించేదే.

బ్యాక్టీరియా తన పైపొర నుంచి సుమారు 20 నుంచి 300 నానోమీటర్ల బుడగల్ని విడుస్తుంది. వాటిలో ప్రోటీన్లు, కొవ్వులు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. పేగు లోపలి జిగురుపొర బ్యాక్టీరియాను చాలావరకు ఆపేస్తుంది, ఈ బుడగలు మాత్రం దాటి మన కణాలకు కబురు చేరవేస్తాయి. పైగా ప్రాణం లేనివి, పెరగవు. ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవాళ్లలో బతికున్న ప్రోబయోటిక్ అరుదుగా రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెస్తుంది. బుడగలతో ఆ భయం లేదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

పేగులో ఉండే అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా బుడగలు, ఈ. కోలి నిస్లే 1917 అనే ప్రోబయోటిక్ రకం బుడగలు ఎలుకల్లో పేగు వాపును తగ్గించాయి. (ఈ నిస్లే రకాన్ని మొదటి ప్రపంచయుద్ధంలో, విరేచనాల బారిన పడని ఒక సైనికుడి నుంచి తీశారు.) క్యాన్సర్‌లోనూ ఎలుకల దశే: కొన్ని బుడగలు కణితి మీదికి రోగనిరోధక కణాల్ని ఉసిగొల్పాయి. అయితే కొన్ని బుడగల పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది, మోతాదు మించితే అదే వాపు తెస్తుంది.

మేలు చేసే బ్యాక్టీరియా ఉండే మజ్జిగ మీ తమ్ముడికి పడుతుంటే తాగనివ్వండి. దాన్ని నమ్మి డాక్టరు రాసిన మందులు మాత్రం ఆపనివ్వకండి. విరేచనంలో రక్తం పడితే గుంటూరులోనో విజయవాడలోనో గ్యాస్ట్రో డాక్టరుకు వెంటనే చూపించండి.