కొత్త జాతిలో మొదటి జీవి ఎవరితో జతకడుతుంది?

ప్రశ్న: ఒక జాతి నుంచి మరో జాతి పుడుతుందని చదివాను. అలాగైతే కొత్త జాతిలోని మొట్టమొదటి జీవికి జోడీ ఎక్కడ దొరుకుతుంది? పాత జాతితోనే కలిస్తే దాని సంతానం మళ్ళీ అందులోనే కలిసిపోవాలి కదా? గుర్రానికీ గాడిదకూ పిల్లలు పుడుతున్నప్పుడు వాటిని రెండు జాతులని ఎలా అంటారు?

జవాబు: మీ సందేహం సహేతుకమైనది. జంతువుల్లో సాధారణంగా అలాంటి మొట్టమొదటి జీవి అంటూ ఏదీ ఉండదు. మారేది ఒక్క జీవి కాదు, తమలో తాము జతకట్టే జీవుల సముదాయం మొత్తం. ప్రతి తరంలోనూ పిల్లలు తల్లిదండ్రుల జాతికి చెందినవే. అయితే ఆ సముదాయం రెండుగా చీలి, వాటి మధ్య జన్యువుల రాకపోకలు నిలిచిపోతే, రెండువైపులా వేర్వేరు మార్పులు తరతరాలుగా పోగుపడతాయి. దాదాపు 30 లక్షల ఏళ్ల క్రితం ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే పనామా భూసంధి పైకి లేచి రెండు సముద్రాలను విడదీసినప్పుడు జరిగింది ఇదే. అటూ ఇటూ మిగిలిన ఒక రకం రొయ్యలను శాస్త్రవేత్తలు ఒకే తొట్టిలో ఉంచి చూస్తే, చాలా జంటలు కలవడానికి బదులు కలహించుకున్నాయి. ఆ వైరం ఎవరి అవసరం కోసమో ఏర్పడింది కాదు. విడివిడిగా మారుతూ వచ్చినందువల్ల దానంతటదే కలిగిన పర్యవసానం.

ఇక గుర్రం, గాడిద సంగతి. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ప్రకృతిలో తమలో తాము సంతానాన్ని కంటూ, ఇతర సముదాయాలతో ప్రత్యుత్పత్తి పరంగా వేరుగా ఉండేదే జాతి. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు (కణంలో జన్యువులను మోసే పోగులు) ఉంటాయి కాబట్టి కంచరగాడిదకు 63 వస్తాయి. బీజకణాలు (అండం, వీర్యకణం) తయారయ్యేటప్పుడు అవి సరిగా జతపడవు. అందుకే, బహు అరుదైన సందర్భాల్లో తప్ప, దానికి సంతానం కలగదు. పిల్ల పుట్టడం ఒక్కటే చాలదు, ఆ పిల్ల ద్వారా జన్యువులు ముందు తరాలకు సాగాలి.

అడ్డుగోడ గర్భధారణ తర్వాతే ఉండాలని లేదు. అంతకుముందే, ఒక్కోసారి కాలం రూపంలో నిలబడుతుంది. ఉత్తర అమెరికాలో హాథార్న్ చెట్ల పండ్ల మీద బతికే ఒక ఈగ ఉంది. యూరప్ నుంచి వలస వచ్చినవారు ఆపిల్ చెట్లను వెంట తెచ్చాక, 19వ శతాబ్దం మధ్యలో ఆ ఈగల్లో కొన్ని ఆపిల్ పండ్లకు మళ్ళాయి. ఈ ఈగలు జతకట్టేదీ, గుడ్లు పెట్టేదీ తమకు అలవాటైన పండు మీదనే. ఆపిల్ కొన్ని వారాలు ముందే పక్వానికి వస్తుంది, పూర్తిగా ఎదిగిన ఈగ బతికేదేమో నెల రోజుల లోపే. దాంతో ఒకే చోట ఉంటున్నా రెండు వర్గాలు కలుసుకునే అవకాశం బాగా తగ్గిపోయింది. పూర్తిగా పోలేదు, తరానికి కొద్ది శాతం కలయిక ఇంకా సాగుతూనే ఉంది. నా దృష్టిలో ఈ ఈగ విలువ అక్కడే ఉంది, ఎందుకంటే ఒక జాతా రెండు జాతులా అని తేల్చి చెప్పలేని నడిమి దశను అది మన కళ్ల ముందు ఉంచుతోంది.

మీరు ఊహించిన 'మొదటి జీవి' మొక్కల్లో మాత్రం నిజంగానే కనిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి యూరప్ నుంచి చేరిన ట్రాగోపోగన్ అనే మొక్కల జాతులు ఒకదానితో ఒకటి సంకరమై, వాటి క్రోమోజోములు 12 నుంచి 24కు రెట్టింపు కావడంతో రెండు కొత్త జాతులు పుట్టాయి. వాటిని 1950లో గుర్తించారు. పాత జాతులతో కలిస్తే వచ్చే మొక్కకు 18 క్రోమోజోములు ఉంటాయి కనుక అది దాదాపు వంధ్యమే. అయితే ఈ కొత్త మొక్క తన పుప్పొడితో తానే విత్తనాలు కట్టగలదు, కాబట్టి దానికి జోడీ అక్కర్లేదు.

ఏర్పడిన అడ్డుగోడ శాశ్వతమనీ అనుకోకూడదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో కొన్ని సిక్లిడ్ చేప జాతుల ఆడవి మగవాటి రంగును చూసే జోడీని ఎంచుకుంటాయి. వాటికి ఒకదానితో ఒకటి సంకరమయ్యే శక్తి ఉన్నా, ఈ ఎంపికే వాటిని వేరుగా ఉంచింది. మానవ కార్యకలాపాల వల్ల నీరు కలుషితమై మసకబారిన చోట రంగుల తేడా కనిపించక అవి కలగలిసిపోతున్నాయి, అక్కడ మిగిలే జాతుల సంఖ్య కూడా తగ్గుతోంది. ఆ సరస్సు నీటిని శుభ్రంగా కాపాడటమంటే ఆ జాతులను కాపాడటమే.