కొత్త క్లాస్ టీచర్‌కి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

హైస్కూల్లో కొత్తగా అడుగుపెట్టే పిల్లలకి ఈ ఏడాది నిన్నే క్లాస్ టీచర్‌గా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒకటే టెన్షన్. పై క్లాసుల రిజల్ట్స్ గురించి కంగారుపడేవాళ్లు ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఉంటారు. నా భయమంతా ఈ మొదటి ఏడాది పిల్లల గురించే.

నిన్నటిదాకా వాళ్లు బడిలో అందరికంటే పెద్దవాళ్లు, ఇప్పుడు అందరికంటే చిన్నవాళ్లు. ప్రైమరీలో రోజంతా ఒకే టీచర్. పిల్లాడి మొహం చూసి జ్వరమో అలకో కనిపెట్టేసేది. ఇక్కడ పీరియడ్‌కొకరు. వాడు హోంవర్క్ చెయ్యలేదని లెక్కల సారుకి తెలుసు. ఆఖరి బెంచీకి మారాడని సైన్స్ మేడమ్‌కి తెలుసు. ఆటలకి రావడం లేదని డ్రిల్లు మాస్టారికి తెలుసు. మూడూ కలిపి చూసేవాళ్లే ఉండరు. ఆ పని నీది. వారానికోసారైనా అందర్నీ అడుగు, "మా క్లాసులో ఎవరైనా తేడాగా కనిపిస్తున్నారా?" అని. మార్కుల సంగతి అడక్కపోయినా చెప్తార్లే.

మొదటిరోజే లైబ్రరీ, ల్యాబ్, బాత్రూములు దగ్గరుండి తిప్పి చూపించు. పేర్లు త్వరగా నేర్చుకో. ఇవన్నీ నీకు నేను చెప్పాలా!

పొద్దున్నే కునికే పిల్లల్ని మాత్రం అందరి ముందూ నిలబెట్టి చీవాట్లు పెట్టకు. యుక్తవయసు మొదలయ్యేసరికి రాత్రి నిద్రొచ్చే వేళ దానంతటదే ఆలస్యమవుతుంది, అది బద్ధకం కాదు. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. పక్క మీదకి ఫోన్ వెళ్లనివ్వద్దని తల్లిదండ్రులకి మొదటి మీటింగ్‌లోనే చెప్పెయ్యి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా స్కూల్లో ఒక సీనియర్ మాస్టారు ఉండేవారు. పిల్లలంటే ప్రాణం ఆయనకి. ఆయన క్లాసులో ఒక సన్నపాటి కుర్రాడు, ఇంటర్వెల్‌లో పైక్లాసు వాళ్లు తన డబ్బులు లాక్కుంటున్నారని ధైర్యం చేసి చెప్పాడు. మాస్టారు అప్పటికప్పుడు అందులో ఒకణ్ని పిలిపించి, ఇద్దర్నీ స్టాఫ్‌రూమ్‌లో ఎదురెదురుగా నిలబెట్టారు. "వీడు నీ డబ్బులు తీసుకున్నాడా?" అని అడిగారు. కుర్రాడు ఆ పెద్దవాడి వైపు ఒకసారి చూసి, "లేదు సార్" అన్నాడు. "మరింకేం? షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అన్నారు మాస్టారు. ఇచ్చుకున్నారు. పెద్దవాడు నవ్వుతూనే, వాడి వేళ్లు తెల్లబడేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి. వాటర్ బాటిల్ సాయంత్రానికి నిండుగానే ఉండేది. అది కనిపెట్టింది మా ఆయా, టీచర్లం ఎవరం కాదు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే అక్కడ వాళ్లుంటారు. సంగతి బయటపడేసరికి వాళ్ల నాన్న టీసీ తీసుకుని వెళ్లిపోయాడు.

మాస్టారు దాన్ని పిల్లల తగువు అనుకున్నారు. సమానమైన వాళ్లకైతే రాజీ కుదర్చొచ్చు. కావాలని, మళ్లీ మళ్లీ, తిరగబడలేని వాణ్ని బాధపెడితే అది వేధింపు. నార్వేలో డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచీ దీనిమీదే పనిచేశాడు. అక్కడ ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నాక, 1983లో దేశమంతటా బడుల్లో దీనిమీద కార్యక్రమం పెట్టారు. ఇంటర్వెల్‌లో పెద్దవాళ్లు పిల్లల మధ్య తిరగాలన్నది ఆయన గట్టిగా చెప్పిన వాటిలో ఒకటి.

నీకేమో చిన్నప్పట్నించీ అన్నీ అక్కడికక్కడే తేల్చెయ్యాలి. తమ్ముడి పెన్సిల్ బాక్స్ పోతే పిల్లలందర్నీ వరసగా నిలబెట్టిన పోలీసువి! అందుకే ఇంతగా చెప్తున్నా. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టకు. చెప్పిన పిల్లతో ముందు విడిగా మాట్లాడు. "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రం ఇవ్వకు, రేపు హెడ్‌మాస్టర్‌కి చెప్పాల్సి రావచ్చు. "అవసరమైన వాళ్లకే చెప్తాను, నీకు తెలియకుండా ఏమీ చెయ్యను" అను. నీ ఊహలు కలపకుండా, ఆ పిల్ల అన్న మాటలు అన్నట్టే, తేదీతో సహా రాసిపెట్టుకో. వారం తర్వాత మళ్లీ అడుగు. చాలామంది మర్చిపోయేది అదే.

కొట్టుకుంటేనే కాదు, ఒక పిల్లతో క్లాసంతా మాట్లాడ్డం మానేసినా వేధింపే. ఇప్పుడైతే ఫోన్లో గ్రూపులు పెట్టి మరీ ఏడిపిస్తున్నారు, ఇంటికెళ్లినా ఊపిరాడదు పాపం. ఆ మెసేజ్‌లు చెరిపెయ్యకుండా ఇంట్లోవాళ్లకీ నీకూ చూపించమని చెప్పు.

ఇవన్నీ వినీ వినీ నీ మనసూ బరువెక్కుతుంది తల్లీ. కౌన్సెలర్ ఉంటే మొహమాటపడకుండా సాయం తీసుకో. లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, పిల్లల పేర్లు మాత్రం చెప్పొద్దు. నీ ఇంటర్వెల్ డ్యూటీ ఎక్కడ పడిందో కూడా చెప్పు. గేటు దగ్గర వేస్తే, అడిగి బాత్రూముల వైపు మార్పించుకో. ముక్కు మూసుకోవాల్సొస్తుంది, తప్పదు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ