రోజూ వేసుకుంటున్నా విటమిన్ డి ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, జీర్ణవ్యవస్థలో చిక్కటి జిగురు పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉంది. విటమిన్ డి రోజూ ఇస్తూనే ఉన్నాం, అయినా ఈసారి రక్తపరీక్షలో 17 వచ్చిందని డాక్టరుగారు డోసు బాగా పెంచారు. వాడు ఇప్పటికే గుప్పెడు మందులు మింగుతున్నాడు. దీని బదులు కాసేపు ఎండలో ఉంచితే చాలదా? ఎక్కువైతే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ 17ను తేలిగ్గా తీసుకోకండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు కనీసం 30 నానోగ్రాములు ఉండాలని అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముకలు గట్టిపడే వయసు ఇదే. ఇప్పుడు తగ్గింది తర్వాత పూడ్చుకోవడం కష్టం.

ఇస్తున్నా ఎందుకు పెరగలేదంటే, విటమిన్ డి కొవ్వులో కరిగి, కొవ్వుతో పాటే ఒంటికి పడుతుంది. ఈ జబ్బులో చాలామందికి క్లోమం నుంచి వచ్చే ఎంజైములు పేగులోకి చేరవు కాబట్టి కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది, దాంతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. అందుకే నేను ముందు అడిగేది డోసు ఎంత అని కాదు, ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నాడు అని. పొద్దున్నే ఖాళీ కడుపుతో మంచినీళ్లతో మింగేస్తే చాలావరకు వృథానే. కాస్త కొవ్వు ఉన్న భోజనంతో, ఎంజైమ్ క్యాప్సూల్స్ కూడా వేసుకున్నప్పుడే ఇవ్వండి. ఇంకోటి, ఈ వయసులో పిల్లలు స్నేహితుల ముందు మందులు వేసుకోవడానికి సిగ్గుపడి మానేస్తుంటారు, ఇంట్లో చెప్పరు. కోప్పడకుండా అడగండి. నిజం చెబితే డాక్టరుకూ చెప్పండి, ఎందుకంటే మందు సరిగ్గా పడుతోందా లేదా తేల్చుకున్నాకే డోసు పెంచడం పద్ధతి.

పెంచడం గురించి: 10 నుంచి 18 ఏళ్ల వాళ్లకు అవే మార్గదర్శకాల ప్రకారం రోజుకు 800–2,000 యూనిట్ల డి3తో (విటమిన్ డిలో ఒక రకం) మొదలుపెడతారు, చాలకపోతే 1,600–6,000 దాకా, అప్పటికీ రాకపోతే గరిష్ఠంగా 10,000 దాకా వెళ్తారు. మామూలు పిల్లలతో పోలిస్తే ఇవి పెద్ద అంకెలే, పేగు పట్టుకునేది తక్కువ కాబట్టి అలా ఇస్తారు. డోసు మార్చిన మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష తప్పనిసరి. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది: వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు. ఈ లక్షణాలు కనిపిస్తే పరీక్ష తేదీ దాకా ఆగకండి. మల్టీవిటమిన్‌లో ఉన్న డి కూడా లెక్కలో వేయమని డాక్టరుకు గుర్తుచేయండి, చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఎండ మంచిదే, చర్మంలో తయారయ్యే డికి పేగుతో పని లేదు. కానీ కాలాన్ని బట్టి, చర్మం రంగును బట్టి, వేసుకున్న బట్టలను బట్టి అది మారిపోతుంది. పైగా ఈ పిల్లలు వాడే కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందుల వల్ల ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. బయట ఆడుకోనివ్వండి, మందు మాత్రం ఆపకండి.

ప్రశ్న: నాకు 17 ఏళ్లు, ఇదే జబ్బు. రోజూ గుర్తుండడం లేదు. విటమిన్ డి వారానికోసారి వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు. ఏడు రోజుల డోసు ఒకేసారి వచ్చేలా డాక్టరు రాసిస్తారు, నీ అంతట నువ్వు రోజువారీ బిళ్ళలు ఏడు కలిపి మింగకు. అదీ భోజనంతో, ఎంజైములతోనే. వారం బిళ్ళను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం, కాబట్టి డబ్బా మీద ఏ రోజో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకో.