ఇంగ్లండ్‌లో క్యాథలిక్ ప్రైమరీ: మతం ఎంత, చదువు ఎలా?

మీరు హిందువులు, పాపకు క్యాథలిక్ ప్రైమరీలో రిసెప్షన్ (ఇయర్ 1కి ముందు తరగతి) సీటు వచ్చింది. అక్కడ మతం వాటా ఎంత, చదువు మిగతా బడుల్లాగే ఉంటుందా అని అడిగారు.

బిషప్పుల నియమం ప్రకారం బోధన సమయంలో కనీసం 10 శాతం ఆర్.ఈ.కి, అంటే మతబోధకు ఇవ్వాలి. వారానికి ఇంచుమించు రెండున్నర గంటలు. రోజూ ప్రార్థన అదనం. రెండింటి నుంచీ పాపను తప్పించమని హెడ్‌టీచర్‌కు ఉత్తరం రాయవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. 1998 నాటి పాఠశాలల చట్టంలో ఉన్న హక్కు అది. అయితే క్రిస్మస్ నాటకం, లెంట్ (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) విరాళాలు, తరగతి గదిలో ప్రార్థన బల్ల లాంటివి బడి అంతటా పరుచుకుని ఉంటాయి, ఉత్తరంతో పోవు. పాపను తరగతిలో కూర్చోనివ్వడమే మంచిదంటాను. 2023లో వచ్చిన ఆర్.ఈ. ప్రణాళికలోని ఆరు భాగాల్లో చివరిది ఇతర విశ్వాసాల వాళ్లతో సంభాషణ. దీపావళి గురించి పిల్లలకు చెబుతామని టీచర్‌ని అడగడానికి అదే అదను. ఫస్ట్ కమ్యూనియన్ (పవిత్ర రొట్టెను మొదటిసారి స్వీకరించడం) బాప్తిస్మం పొందిన క్యాథలిక్ పిల్లలకే. మాస్‌లో, అంటే ఆ రొట్టె పంచే ఆరాధనలో, మిగతా పిల్లలు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఆశీర్వాదం మాత్రం ఇస్తారు.

మిగతా పాఠాలు చాలావరకు మామూలు నేషనల్ కరికులమే (ప్రభుత్వ పాఠ్యప్రణాళిక). తెలుగు ఇళ్లలో తడబాటు వచ్చేది ఫోనిక్స్ దగ్గర, అంటే అక్షరాల ధ్వనులు కలిపి మాట చదవడం దగ్గర. మన అక్షరాల్లో 'అ' కలిసే ఉంటుంది కాబట్టి 'పిన్'ని ప–ఇ–న అని పలికిస్తాం. పాప వాటిని కలిపితే 'పఇన' అవుతుంది, మాట తేలదు. పొల్లుగా పలికించండి: ప్–ఇ–న్. 'పీ, ఐ, ఎన్' అని అక్షరాల పేర్లు చెప్పించడం ఇప్పుడే వద్దు. ఇయర్ 1 జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష: టీచర్ ఒక్కొక్కరి చేత 40 మాటలు చదివిస్తారు. అందులో 20 అర్థం లేనివి. మాటల ఆకారాన్ని కంఠతా పట్టిన పిల్లలు వాటిని దగ్గరగా ఉన్న అసలు మాటగా మార్చి చదివి మార్కు పోగొట్టుకుంటారు. ఇంట్లో అలాంటి ఉత్తుత్తి మాటలు కూడా చదివించండి. ఇయర్ 1లో నెగ్గకపోతే ఇయర్ 2లో మళ్లీ పెడతారు.

ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష: కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. 'ఏడు ఒకట్ల ఏడు' నుంచి ఎక్కి వస్తే యాభై ఆరు దగ్గరికి చేరేలోపే గడువు అయిపోతుంది. వరస తప్పించి అడగండి, 6, 7, 8, 9, 12 ఎక్కాలు ఎక్కువగా. జవాబు నోటితో కాక కీబోర్డు మీద కొట్టించండి.