అవి లేచేదాకా ఆగండి

చిన్నీ,

ఆదివారం తెల్లవారుజామున పదిమందిని వెంటబెట్టుకుని, స్టేషన్ పక్క చెట్ల మీంచి గోరింకలు లేవడం చూపించబోతున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. వాడు గర్వం దాచుకోలేకపోయాడు, నేనూ దాచుకోలేదు. పొద్దెక్కినా దుప్పటి వదలని పిల్లవి, ఇప్పుడు ఇంకొకళ్లని చీకట్లో లేపి తీసుకెళ్తున్నావు! ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేసే ముందు, మీలో ఒకబ్బాయి డ్రోన్ తెస్తున్నాడని కూడా వాడే అన్నాడు. ఇక రాత్రంతా నాకు నిద్ర లేదు.

ముందు మామూలు విషయాలు చెప్పేస్తాను. సూర్యోదయానికి గంట ముందే అక్కడ ఉండండి. మబ్బు పట్టిన రోజు పక్షులు కాస్త ఆలస్యంగా లేస్తాయి, కాబట్టి గడియారం చూసి విసుక్కోవద్దు. ఒక్కదానివే ముందుగా వెళ్లి నిలబడకు, ఇద్దరైనా కలిసి వెళ్లండి. సరిగ్గా చెట్ల కింద మాత్రం ఎవరూ నిలబడొద్దు. బట్టలు పాడవుతాయని మాత్రమే కాదు, ఏళ్ల తరబడి పక్షులు పడుకునే చోట రెట్టలు కలిసిన మట్టిలో హిస్టోప్లాస్మా అనే బూజు పెరగొచ్చు. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. బైనాక్యులర్స్ ఉన్నవాళ్లు సూర్యుడు పైకి రాగానే దించెయ్యాలి. వాటితో సూర్యుణ్ని ఒక్క క్షణం చూసినా కన్ను పాడవుతుంది. ఇది నువ్వే గట్టిగా చెప్పు, ఎవరైనా నొచ్చుకున్నా ఫర్వాలేదు.

ఇక అసలు సంగతి. మొదట చీకట్లో ఒకటో రెండో అరుస్తాయి. తర్వాత కొమ్మ కొమ్మా అందుకుంటుంది. చాలామంది ఆ గోలను పట్టించుకోకుండా, ఎప్పుడు ఎగురుతాయా అని పైకే చూస్తుంటారు. నన్నడిగితే సగం విషయం ఆ గోలలోనే ఉంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో జాక్‌డా అనే చిన్నరకం కాకుల మీద ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధన 2022లో వచ్చింది. అరుపులు బాగా పెరిగిన రోజు వందల పక్షులు కొన్ని సెకన్లలో కలిసి లేచిపోయాయి. పెరగని రోజు కొన్నికొన్నిగా జారుకున్నాయి. రికార్డు చేసిన అరుపులు వాళ్లు వినిపించిన రోజుల్లో సగటున ఆరున్నర నిమిషాలు ముందే లేచాయి. అంటే పోదామా అని ఒకదాన్నొకటి అడుగుతూ, తగినన్ని సరే అన్నాకే కదులుతున్నాయన్నమాట. ఆ మాట వాటి మధ్యే తేలాలి తల్లీ. మనం మధ్యలో దూరి తేల్చకూడదు.

అందుకే డ్రోన్ వద్దు. మొహమాటపడకు, బతిమాలినా ఒప్పుకోకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. నీ వయసులో నేను తిరిగిన బృందంలో ఒకాయన ఉండేవాడు. మంచి ఫొటోగ్రాఫర్. పక్షులంటే మా అందరికన్నా ఆయనకే ఎక్కువ ప్రాణం. ఒక చలికాలం, పెద్దరోడ్డు పక్క చెట్ల దగ్గర నిలబడ్డాం. ఇంకా కొమ్మలు కూడా విడిగా కనపడని చీకటి. గుంపంతా ఒక్కసారి లేచే ఫొటో కావాలని ఆయనకు ఎన్నాళ్లనుంచో కోరిక. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పెద్ద ఫ్లాష్ వెలిగించి, గట్టిగా చప్పట్లు కొట్టాడు.

చెట్లన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఆ రెక్కల చప్పుడు ఎంత పెద్దదంటే మాలో ఒకామె చెవులు మూసుకుంది. పగటి పక్షులకు ఆ చీకట్లో ఏం కనిపిస్తుంది? ఎటు పోవాలో తెలియక రోడ్డు మీదే గిరగిరా తిరిగాయి. కొన్ని కరెంటు తీగలకు తగిలాయి, కొన్ని ఎదురు మేడ అద్దాలకు కొట్టుకున్నాయి. చప్పుడు వినిపిస్తోంది గానీ ఏది ఎక్కడ పడుతోందో మాకు తెలియలేదు. వెలుతురు వచ్చాక చూస్తే రోడ్డంతా ఈకలు. ఒక గోరింకను ఆయన జేబురుమాలులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. ఆ ఫొటో ఆయన ఎవరికీ చూపించలేదు. తర్వాత కొత్తవాళ్లు ఎవరొచ్చినా, టార్చి ఆర్పమని ముందుగా చెప్పేది ఆయనే.

ఇది మా ఒక్కళ్లకే జరిగింది కాదు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బీబీ అనే ఊళ్లో 2010 డిసెంబర్ 31 రాత్రి బాణసంచా చప్పుడుకు బసలో ఉన్న బ్లాక్‌బర్డ్‌లు బెదిరి లేచాయి. చీకట్లో ఇళ్లకూ స్తంభాలకూ కొట్టుకుని వేలకొద్దీ చచ్చాయి. రోమ్‌లో 2020 డిసెంబర్ 31 రాత్రి రైల్వేస్టేషన్ దగ్గర వందల స్టార్లింగ్‌లు అలాగే రోడ్డు మీద పడ్డాయి. అవి మన గోరింకల కుటుంబమే.

ఆ అబ్బాయిని నలుగురిలో చిన్నబుచ్చకు. శనివారమే విడిగా పిలిచి చెప్పు. చూడాలన్న ఆత్రమే కదా వాడిది, ఆ వయసులో మీ నాన్నకు అంతకన్నా ఎక్కువుండేది! పడమటివైపు ఎగిరిపోయే పక్షుల లెక్క వాడికి అప్పగించు. పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటికి అలవాటు చేసుకోమను. అక్కణ్నుంచి వందకీ, వెయ్యికీ పోవచ్చు. పెద్ద గుంపును మన కన్ను మామూలుగా తక్కువే అంచనా వేస్తుంది, ఆ సంగతి కూడా చెప్పు.

మొదటి గుంపు వెళ్లగానే అయిపోయిందని ఎవరినీ కదలనివ్వకు. 1950లలో ఇంగ్లండ్ రాడార్ తెరల మీద తెల్లవారుజామున వలయాలు కనపడేవి. ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటూ పోయేవి. ఏమిటా అని ఆరా తీస్తే, బస వదిలి అన్ని దిక్కులకూ విడతలవారీగా వెళ్తున్న స్టార్లింగ్‌లని తేలింది. మీ చెట్ల మీద కూడా రెండో విడతకూ మూడో విడతకూ మధ్య కాసేపు ఏమీ జరగదు. అప్పుడే అందరూ ఫోన్లు తీస్తారు. నువ్వు తీయకు.

ఇన్ని పక్షులు ఒక్కచోట ఎందుకు పడుకుంటాయని ఎవరైనా అడుగుతారు. గుంపులో ఉంటే శత్రువు భయం తక్కువ. ఊరి మధ్య రాత్రుళ్లు కాస్త వెచ్చగానూ ఉంటుంది. ముందురోజు తిండి దొరకనివి, దొరికినవాటి వెనకాల వెళ్లొచ్చని పీటర్ వార్డ్, అమోట్జ్ జహావి అనే శాస్త్రవేత్తలు 1973లో అన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. నాకు మాత్రం ఆ మాట నిజమైతే బాగుండనిపిస్తుంది.

ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యి. నీ లెక్కా, పడమటి లెక్కా విడివిడిగా చెప్పు, కలపొద్దు. ఏ వైపుకి ఎక్కువ వెళ్లాయో కూడా రాసిపెట్టు. మోకాళ్లు సహకరిస్తే వచ్చే నెల నేనూ వస్తాను, అప్పటికి మడత కుర్చీ ఒకటి చూసిపెట్టు.

నీ అత్త