ఆక్టోపస్ పిచ్చి వదిలేయాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 16 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ సముద్రజీవులంటే పిచ్చి, అందులోనూ ఆక్టోపస్ అంటే మరీను. రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూస్తాను, నోట్‌బుక్కుల వెనక పేజీల్లో అన్నీ దాని బొమ్మలే. "ఇంకా చిన్నపిల్లవా, దీనివల్ల ఏమొస్తుంది?" అంటున్నారు ఇంట్లో. మాకు సముద్రం చాలా దూరం, నాకు ఈత రాదు, లెక్కలంటే టెన్షన్. ఈ పిచ్చి మానేసి చదువు మీద దృష్టి పెట్టమంటారా?

జవాబు: మానొద్దమ్మా. చదువు వేరు, ఆక్టోపస్ వేరు అని నీకెవరు చెప్పారు? దానికి మూడు గుండెలని, రక్తం నీలంగా ఉంటుందని వీడియోల్లో వినే ఉంటావు. చాలామంది అబ్బురపడి అక్కడితో వదిలేస్తారు. నువ్వు ఎందుకని అడుగు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది, దాని రక్తంలో ఆ పని చేసే హిమోసయానిన్‌లో రాగి ఉంటుంది, నీలం రంగు అందుకే. గుండెల్లో రెండు మొప్పలకు రక్తం పంపుతాయి, మూడోది ఒళ్లంతటికీ. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగిపోతుంది కాబట్టి ఆక్టోపస్ ఈదితే తొందరగా అలసిపోతుంది, ఎక్కువగా పాకుతూనే తిరుగుతుంది. ఇదంతా నీ కెమిస్ట్రీ, నీ బయాలజీయే కదా.

నీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కాలిఫోర్నియా తీరంలో మాంటెరే దగ్గర, దాదాపు 1,400 మీటర్ల లోతున, 2007లో శాస్త్రవేత్తలకు ఒక రాతిగోడకు అతుక్కుని గుడ్లు కాస్తున్న ఆడ ఆక్టోపస్ కనిపించింది. ఒంటి మీది మచ్చలను బట్టి దాన్ని గుర్తుపెట్టుకుని, 2011 దాకా మళ్లీ మళ్లీ అక్కడికే కెమెరా పంపి చూశారు. ప్రతిసారీ అదే ఆక్టోపస్, అదే చోటు. గుడ్లు పెద్దవవుతున్నాయి, తల్లి చర్మం పాలిపోయి వదులైపోతోంది, కళ్లు మసకబారుతున్నాయి. అది తినడం ఒక్కసారి కూడా వాళ్ల కంటపడలేదు. చివరికి వెళ్లేసరికి తల్లి లేదు, పిల్లలు బయటికొచ్చేసిన ఖాళీ గుడ్లతొడుగులు మాత్రం ఉన్నాయి. 53 నెలలు! ఏ జంతువూ అంతకాలం గుడ్లు కాసినట్టు అప్పటిదాకా ఎవరూ నమోదు చేయలేదు. ఒక్కదాన్నే పట్టుకుని చూడబట్టే ఈ సంగతి తెలిసింది, నేను నీ ఇష్టాన్ని గట్టిగా సమర్థించేదీ అందుకే.

ఇంకో మాట, వాళ్లెవరూ ఆ లోతుకు ఈదుకుంటూ వెళ్లలేదు. రిమోట్‌తో నడిచే యంత్రాన్ని కిందికి దించి, పైన ఓడలో తెర ముందు కూర్చుని చూశారు. ఈత నేర్చుకో, మంచిదే, కానీ అది రాదని ఈ దారి మూసుకుపోదు. సముద్రం దూరమన్న దిగులూ వద్దు. సొరచేపల మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్న యూజినీ క్లార్క్ చిన్నతనంలో, శనివారాలు తల్లి పనికి వెళ్తే, న్యూయార్క్ అక్వేరియంలో అద్దం ముందే గడిపేది. ఆ అమ్మాయే పెద్దయ్యాక సొరచేపలకు శిక్షణ ఇచ్చి, అవి నేర్చుకోగలవని చూపించింది.

లెక్కల సంగతికొస్తే, అవి తప్పవు, ఉన్నమాట చెప్పాలి కదా. కానీ ఇక్కడ అవి ఎలా వస్తాయో చూడు. ఒకచోట చేపలెన్నో తెలియాలంటే అన్నిటినీ పట్టి లెక్కపెట్టలేం. ఒక 100 చేపలకు గుర్తు వేసి వదులుతారు, కొన్నాళ్లకు మళ్లీ 50 పడతారు. వాటిలో గుర్తున్నవి 5 వచ్చాయనుకో, అంటే పదోవంతు, కాబట్టి మొత్తం సుమారు 1,000. నువ్వు ఎప్పుడో చదివిన నిష్పత్తే ఇది. చేపల కోసమైతే ఆ లెక్క నువ్వు విసుక్కోకుండా చేస్తావని నాకు నమ్మకం.

రాత్రిళ్లు మేలుకోవడం మాత్రం మానెయ్, నిద్ర చెడితే ఏదీ బుర్రకెక్కదు. ఎవరో కత్తిరించి అతికించిన వీడియోలు తగ్గించి, అక్వేరియంలు పెట్టే లైవ్ కెమెరాల్లో ఒక్క జీవిని ఎంచుకుని రోజూ పగటిపూట కాసేపు చూడు. నోట్‌బుక్‌లో ఎడమవైపు కంటికి కనిపించింది మాత్రమే రాయి, అది ఎందుకలా చేసిందో నీ ఊహ కుడివైపు రాయి. రెండూ కలపకు, మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. కొన్ని వారాలు అలా రాశాక ఆ పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వు.