మీ భయం వల్ల జబ్బు తిరగబెట్టలేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మూడేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఎముకల్లోకి వచ్చిందంటున్నారు. 'నాకు నయమైపోయింది' అని రోజూ పొద్దున్నే వందసార్లు అనుకోమంటుంది మా అక్క. నేను ఎప్పుడూ భయపడుతూ ఉండబట్టే జబ్బు తిరగబెట్టిందని తన నమ్మకం. నా కళ్లలో నీళ్లు కనిపిస్తే మావారు గదిలోంచి లేచి వెళ్లిపోతారు. డిగ్రీ చదివే కూతురుంది. దాని గురించి, డబ్బు విషయాల గురించి మాట్లాడబోతే 'అశుభం పలకొద్దు' అంటారు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. ఏడ్చాక, ఇలా ఏడ్చినందుకు జబ్బు ఇంకా పెరుగుతుందేమోనని టెన్షన్. నేను పాజిటివ్‌గా మారేదెలా?

జవాబు: అమ్మా, మీ భయం వల్ల జబ్బు తిరగబెట్టలేదు. అన్నిటికంటే ముందు ఈ మాట మీ చెవిన పడాలి. మొదటిసారి వైద్యం పూర్తయ్యాక కూడా ఏ స్కాన్‌కూ అందనంత చిన్న కణాలు ఒంట్లో ఎక్కడో మిగిలిపోవచ్చు. కొందరిలో అవి ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, తర్వాత పెరగడం మొదలుపెడతాయి. రొమ్ము క్యాన్సర్ అలా పాకే చోట్లలో ఎముకలే ముందుంటాయి. మీరు చేయించుకోవాల్సిన వైద్యమంతా చేయించుకున్నారు. ఆ తర్వాత జరిగినదానికి మీరు బాధ్యులు కారు.

మీ అక్కగారి నమ్మకం ఎక్కడినుంచో ఊడిపడలేదు. వైద్యరంగంలోనే ఒకప్పుడు దానికి బలం దొరికింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీల మీద చేసిన ఒక అధ్యయనం 1989లో వచ్చింది. వారానికోసారి గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు కాలం బతికారని అందులో తేలింది. మనసు జబ్బును ఓడిస్తుందన్న మాట అప్పట్నుంచి ఇంకా గట్టిగా వినబడసాగింది. తర్వాత 2001లో 235 మందితో మళ్లీ చూశారు. ఆయుష్షు పెరగలేదు. మొదటి అధ్యయనం చేసిన డాక్టరే 2007లో 125 మందితో మరోసారి చేసినా, మొత్తంగా చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు. అదే ఏడాది తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మందిని పరిశీలించిన మరో అధ్యయనంలోనూ, మనసు కుదుటగా ఉన్నవాళ్లు, లేనివాళ్లు బతికిన కాలంలో తేడా కనబడలేదు.

కానీ ఆ గుంపుల్లో ఆడవాళ్లు ఏం చేసేవారో మీరు తప్పక తెలుసుకోవాలి. 'నాకు నయమైపోయింది' అని వాళ్లు జపించలేదు. చావంటే ఉన్న భయం గురించి మాట్లాడుకున్నారు, కోపం వెళ్లగక్కారు, పిల్లల గురించి చెప్పుకున్నారు. ఆయుష్షు సంగతి ఎలా ఉన్నా, 2001 అధ్యయనంలో అలా మాట్లాడుకున్నవాళ్ల మనసు కాస్త తేలికపడింది, నొప్పి బాధ కూడా తగ్గింది. మీ ఇంట్లో వద్దంటున్నది సరిగ్గా దాన్నే.

'ధైర్యంగా ఉండి గెలిచాను' అని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అంతే ధైర్యంగా ఉండి కూడా దక్కనివాళ్లు వచ్చి చెప్పలేరు కదా. నేను కూడా ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఎదుటివాళ్లు ఏడవబోతే 'అలా అనుకోకండి' అని ఆపేసేదాన్ని. అలా ఆపి ఎంతమందిని మళ్లీ ఒంటరివాళ్లను చేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆశ వదులుకోమని నేను అనడం లేదు. మీకిష్టమైన పాట వినండి, నవ్వొస్తే నవ్వండి. ప్రార్థన మీకు ఊరటనిస్తే చేసుకోండి. నవ్వు రాని రోజున మాత్రం తప్పు చేసినట్టు కుంగిపోవద్దు.

ఇంకో భయం నాది. నొప్పి ఉందని చెప్పడం కూడా 'నెగటివ్' అనుకుని దాచేవాళ్లను చూశాను. మీరు ఆ పని చేయొద్దు. ఎముకల్లో నొప్పికి రేడియేషన్ ఉంది, ఎముకల్ని కాపాడే మందులున్నాయి. నడుము నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా మర్నాటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పిని, ఇతర బాధల్ని తగ్గించి ఊరటనిచ్చే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. దాని గురించి మీ డాక్టర్‌ని ఇప్పుడే అడగండి. అది చివరి రోజులకే పరిమితమైంది కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై 2010లో వచ్చిన అధ్యయనంలో, మొదటినుంచీ మామూలు వైద్యంతోపాటు దాన్నీ పొందినవాళ్లకు డిప్రెషన్ తక్కువగా ఉంది, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ కాలం బతికారు కూడా.

మీవారు లేచి వెళ్లిపోవడం ప్రేమ లేక కాదనిపిస్తోంది. మీ కన్నీళ్లు చూస్తే ఏం చేయాలో ఆయనకు తోచడం లేదు. ఏమీ చేయనక్కర్లేదని మీరే చెప్పండి. 'ఏవండీ, మీరు ధైర్యం చెప్పొద్దు, సలహా ఇవ్వొద్దు. పది నిమిషాలు నా పక్కన కూర్చోండి, నేను ఏడుస్తాను, అంతే' అనండి. మొదటిసారి ఆయన తట్టుకోలేకపోవచ్చు. రెండు రోజులాగి మళ్లీ అడగండి. డబ్బు కాగితాల సంగతి వేరే రోజు ఎత్తండి, రెండూ ఒకేసారి వద్దు. 'చెప్పేస్తే నాకు రాత్రి నిద్ర పడుతుంది' అనండి. అది నిజం కూడా.

మీ అమ్మాయి ఆ వయసులో ఏమీ తెలియకుండా ఉందనుకోను. తెలిసీ, మీరు బాధపడతారని తను కూడా దాస్తూ ఉండొచ్చు. స్కాన్‌లో ఏం వచ్చిందో, ఇప్పుడు ఏ మందు వాడుతున్నారో మీ నోటితోనే చెప్పండి. దానికి వచ్చే ప్రశ్నల్లో మీకు జవాబు తెలియనివి ఉంటే 'నాకూ తెలీదమ్మా' అనండి.

ఏడుపు రావడం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా దేనిమీదా మనసు నిలవకపోయినా, నిద్ర పూర్తిగా పోయినా, మందులు మానేయాలనిపించినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది, మీ క్యాన్సర్ డాక్టర్‌కే చెబితే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, అప్పుడే ఇంట్లోవాళ్లకూ డాక్టర్‌కూ చెప్పండి.

అక్కగారితో వాదన పెట్టుకోకండి. చెల్లెలు దక్కాలన్న ఆరాటంతోనే ఆవిడ ఆ వందసార్లూ లెక్కపెట్టిస్తున్నారు. వచ్చే స్కాన్ రోజున తోడు రమ్మనండి. రిపోర్ట్ చేతికొచ్చేదాకా ఆ బయట కుర్చీల్లో మీ చెయ్యి పట్టుకుని కూర్చోమనండి. మీకు భయమేస్తే ఆవిడతోనే 'అక్కా, భయమేస్తోంది' అనండి.